నుమాడ్ ప్యాకేజీ: ఇన్‌స్టాల్ కాగానే డీమన్ లేవాలా, వద్దా?

చంద్రగిరికోట | శనివారం రాత్రి 9:48

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబ్ సర్వర్లు చూసుకుంటాను. మా దగ్గర రెండు సాకెట్ల పాత సర్వర్ ఒకటుంది. ఒక్కో సాకెట్ పక్కన 64 జీబీ, మొత్తం 128 జీబీ ర్యామ్. పిల్లల ప్రాక్టికల్స్‌కి దాని మీద వర్చువల్ మెషిన్లు నడుపుతాం. కింద డెబియన్ 12 లినక్స్, దాని మీద వర్చువల్ మెషిన్లని నడిపించే లిబ్‌వర్ట్, మేమే సోర్సు నుంచి కట్టుకున్నది.

పోయిన వారం ఒక వీఎం (వర్చువల్ మెషిన్) సెట్టింగుల్లో వీసీపీయూ ప్లేస్‌మెంట్, అంటే దాని సీపీయూలు ఎక్కడ నడవాలన్నది, "ఆటో" అని పెట్టి స్టార్ట్ కొడితే, ఈ హోస్టులో నుమాడ్ లేదు పొమ్మంది. అక్కడ మొదలైంది కథ.

థర్డ్ ఇయర్ పిల్లలకి ప్యాకేజింగ్ నేర్పాలని ఎప్పట్నుంచో మనసులో ఉంది. ఈ నుమాడ్ చూస్తే సీ భాషలో ఒక్క ఫైలు, ఒక మ్యాన్ పేజీ, చిన్న కాన్ఫిగ్ ఫైలు. ఇంతకంటే చిన్న సరుకు దొరకదని డెబ్ ప్యాకేజీ కట్టడం మొదలుపెట్టాం. బిల్డ్ అయింది, ఇన్‌స్టాలూ అయింది. కానీ చిక్కులు తీరలేదు. పిల్లలు మొదటి బిల్డుకి వెర్షన్ 20150602-1 అని పెట్టేశారు. ఇప్పుడు దాన్ని 0.5తో మొదలయ్యేట్టు మారిస్తే ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ తీసుకోనంటోంది. సర్వీసు ఎలా నడవాలో సిస్టమ్‌డీకి చెప్పే యూనిట్ ఫైల్లో భద్రత కోసం నాలుగు లైన్లు చేర్చాక డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రాం) లేస్తుంది గానీ, మనం చెప్పేది దానికి వినపడటం లేదు. అన్నిటికీ మించి, నుమాడ్ పెట్టాక కూడా లిబ్‌వర్ట్ పాత పాటే పాడుతోంది.

ఇంకొకటి, ఇది మా స్టాఫ్‌రూంలో తగువు: ప్యాకేజీ ఎక్కించగానే డీమన్ తనంతట తానే లేవాలా, వద్దా?

తోతాపురి | శనివారం రాత్రి 10:05

అన్నా, నాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూస్తాండా. ఈ నుమాడ్ అంటే ఏందో రోంత చెప్తారా? సీజన్లో మా అకౌంట్స్ సర్వర్ ముక్కతా మూలగతా ఉంటాది. దీన్ని పెడితే ఏమన్నా స్పీడు వస్తాదా?

పాతఆప్టెరాన్ | శనివారం రాత్రి 10:31

తమ్ముడూ తోతాపురి, మన జిల్లా లెక్కలోనే చెప్తాను విను.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది కదా. దానికి ముందు తిరుపతి మనిషికి కలెక్టరాఫీసులో పని పడితే ఏం చేసేవాడు? పొద్దున్నే బస్టాండుకొచ్చి చిత్తూరు బస్సెక్కేవాడు. సుమారు డెబ్బై కిలోమీటర్లు. మనిషి తిరుపతిలో, ఫైలు చిత్తూరులో. పని కాకపోవడమంటూ లేదు, కానీ సగం పొద్దు దారికే పోయేది. చిత్తూరులోనే ఉన్నవాడు టిఫిను తిని నడిచివెళ్లి చేసుకొచ్చేవాడు.

రెండు సాకెట్ల సర్వర్లో జరిగేదీ అదే. పూర్వం పీసీ సర్వర్లలో మెమరీ కంట్రోలర్ బోర్డు మీద చిప్‌సెట్‌లో ఉండేది, ప్రాసెసర్లన్నిటికీ మెమరీ ఒకే దూరం. 2003లో ఏఎండీ ఆప్టెరాన్ ఆ కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికే తెచ్చింది. ఇంటెల్ 2008లో నెహేలమ్‌తో అదే దారి పట్టింది. అప్పట్నుంచి ప్రతి సాకెట్‌కీ సొంత ర్యామ్, పొరుగు సాకెట్ ర్యామ్ అని రెండు రకాలయ్యాయి. ఇదే నూమా. ఒక సాకెట్టు, దాని ర్యామ్ కలిపి ఒక నోడ్. నూమాసీటీఎల్ అనే కమాండ్‌ని హార్డ్‌వేర్ చూపించమంటే దూరాల పట్టిక ఒకటి ఇస్తుంది. సొంత నోడ్‌కి 10, పొరుగు నోడ్‌కి 20 లేదా 21 అని ఉంటుంది చాలావాటిలో. అవి నానోసెకన్లు కావు, వట్టి పోలిక.

నుమాడ్ అనేది కొన్ని సెకన్లకోసారి ప్రాసెస్‌లన్నిటినీ చూసి, పెద్దగా తినేవాటిని పట్టుకుని, మనిషినీ ఫైలునీ ఒకే ఊళ్లో పెట్టే మేస్త్రీ. 300 ఎంబీ కంటే తక్కువ మెమరీ, ఒక కోర్‌లో సగం కంటే తక్కువ పని ఉన్న చిన్నాచితకా వాటి జోలికి పోదు. రెడ్ హ్యాట్ వాళ్ల పని ఇది, ఆర్‌హెచ్‌ఈఎల్ 6 కాలంలో వచ్చింది.

మనిషిని కదపడం తేలిక, ఏ కోర్లలో నడవాలో చెప్తే చాలు. ఫైళ్లు కదపడమే బరువు. మెమరీని పేజీలనే ముక్కలుగా, పేజీ పేజీ ఎత్తి అవతల దించాలి. ఆఫీసు ఇల్లు మారే రోజుల్లో ఏ అర్జీ అయినా కదిలిందా? ఇదీ అంతే.

తమ్ముడూ, నీ సర్వర్లో ఒకే నోడ్ ఉంటే ఈ మేస్త్రీతో నీకు పనే లేదు. ముందు అది చూడు.

తోతాపురి | శనివారం రాత్రి 10:44

చూసినా సార్. నోడ్ సున్నా ఒకటే ఉండాది. మరి నా మూలుగుడికి మందేది?

పాతఆప్టెరాన్ | శనివారం రాత్రి 10:46

ఇంకా హార్డ్ డిస్కే తిరుగుతోందా అందులో?

తోతాపురి | శనివారం రాత్రి 10:47

అవును సార్.

పాతఆప్టెరాన్ | శనివారం రాత్రి 10:47

మందు దొరికింది.

కపిలతీర్థం | శనివారం రాత్రి 11:10

ఒక చిన్న సవరణ సార్. ఒకే సాకెట్ అంటే ఒకే నోడ్ అనుకోకూడదు. ఏఎండీ ఈపిక్ 7002 వరస ప్రాసెసర్లలో బయాస్‌లో ఎన్‌పీఎస్ అని ఒక సెట్టింగు ఉంది. దాన్ని 4 పెడితే ఒక్క సాకెట్టే నాలుగు నోడ్లుగా కనపడుతుంది. ఇంకా విచిత్రం థ్రెడ్‌రిప్పర్ 2990డబ్ల్యూఎక్స్. అందులో నాలుగు డైలు (చిప్ ముక్కలు) ఉంటే రెండిటికి సొంత మెమరీయే లేదు, ఎప్పుడూ పక్కింటి బావిలో తోడుకోవాల్సిందే.

పాతఆప్టెరాన్ | శనివారం రాత్రి 11:14

నిజమే. జిల్లా విడదీసినట్టే అది కూడా. నేల పెరగలేదు, ఆఫీసులు పెరిగాయి.

లీలామహల్_సర్కిల్ | ఆదివారం ఉదయం 7:20

చంద్రగిరికోటా, నుమాడ్ డెబియన్ ఆర్కైవ్‌లోనే ఉంది కదా. తెచ్చి పెట్టుకుంటే అయిపోయేది.

చంద్రగిరికోట | ఆదివారం ఉదయం 7:41

తెలుసక్కా. వంట నేర్పాలని పిల్లల్ని కూర్చోబెట్టి హోటల్ నుంచి పొట్లం తెప్పిస్తే ఎట్లా?

లీలామహల్_సర్కిల్ | ఆదివారం ఉదయం 8:35

సరే అయితే, పొయ్యి దగ్గరే మాట్లాడుకుందాం. ఫిల్టర్ కాఫీ చేతిలో ఉంది, ఓపికగానే రాస్తున్నా.

వెర్షన్ సంగతి మొదట. తారీఖునే వెర్షన్‌గా పెట్టడం ప్యాకేజింగ్‌లో అందరూ ఒకసారి చేసే తప్పు. నేనూ చేశాను. నుమాడ్ వాళ్లు టార్‌బాల్ (సోర్సు మూట) విడుదలలు పద్ధతిగా ఇవ్వరు. ముందు ఫెడోరా హోస్టెడ్‌లో గిట్ ఉండేది, 2017లో ఆ చోటు మూసేశాక పగ్యూర్‌లో పెట్టారు. అందుకే అందరూ ఏదో ఒక తారీఖున గిట్ నుంచి తీసిన నకలుకి 0.5 అని ముందు పెట్టి, వెనక తారీఖు తగిలిస్తారు. ఆ మధ్యలో ఏ గుర్తు పెడతామన్నదే ముఖ్యం. టిల్డా (~) పెడితే 0.5 కంటే చిన్నదవుతుంది, ప్లస్ పెడితే పెద్దదవుతుంది. 0.5 వచ్చాక తీసిన నకలు గనక 0.5+20150602-1 అనాలి.

మీ ఇబ్బంది ఏమిటంటే, ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ కళ్లకి 20150602 అంటే రెండు కోట్ల పైచిలుకు. దాని ముందు 0.5 ఎంత? ఆప్ట్ దాన్ని వెనకడుగు అనుకుంటుంది. బయటికి వదిలిన ప్యాకేజీ అయితే ముందు 1 పెట్టి కోలన్ తగిలించి ఇపాక్ వేయక తప్పేది కాదు. ఇపాక్ పచ్చబొట్టు లాంటిది, ఒకసారి వేశాక ఆ ప్యాకేజీ ఉన్నన్నాళ్లూ మోయాలి. మీది ల్యాబ్ గడప దాటలేదు. పాతది చేత్తో తీసేసి కొత్తది ఎక్కించండి, మచ్చ పడదు. ఈసారి బిల్డుకి ముందు డీపీకేజీ చేత రెండు వెర్షన్లూ పోల్చి చూపించు పిల్లలకి. కంపేర్ వెర్షన్స్ అనే ఆప్షన్ అందుకే ఉంది.

లిబ్‌వర్ట్ ఎందుకు వినడం లేదంటే, మీరు దాన్ని సోర్సు నుంచి కట్టిన రోజున ఆ మెషిన్లో నుమాడ్ లేదు. కట్టేటప్పుడే చుట్టుపక్కల చూసి, కనపడకపోతే ఆ ముక్క వదిలేసి కట్టుకునే రకం మీ వెర్షను. ఇప్పుడు పక్కన తెచ్చి పెడితే ఏం లాభం? నుమాడ్ ఉండగా లిబ్‌వర్ట్‌ని మళ్లీ కట్టు. మీ లిబ్‌వర్ట్ కంట్రోల్ ఫైల్లో, కట్టడానికి ఏమేం కావాలో రాసే బిల్డ్ డిపెండ్స్ లైనులో నుమాడ్ చేర్చు, లేకపోతే వచ్చే ఏడాది ఇంకొకరు ఇదే గుంటలో పడతారు.

ఇక మీ స్టాఫ్‌రూం తగువు. నా ఓటు: ఎక్కించాలి, లేపకూడదు.

కపిలతీర్థం | ఆదివారం ఉదయం 9:02

> ఎక్కించాలి, లేపకూడదు

అక్కా, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. డెబియన్‌లో సర్వీసు ప్యాకేజీ ఎక్కిస్తే సర్వీసు లేస్తుంది. అందరికీ అదే అలవాటు. వెబ్ సర్వర్ పెడితే లేస్తుంది, ఎస్ఎస్‌హెచ్ పెడితే లేస్తుంది. ఇదొక్కటి పడుకుని ఉంటే ఎవరో ఆరు నెలలు అది పనిచేస్తోందనే భ్రమలో ఉంటారు. డీమన్ వద్దనుకునేవాడు నుమాడ్‌ని ఎందుకు ఎక్కిస్తాడు?

లీలామహల్_సర్కిల్ | ఆదివారం ఉదయం 9:30

ఎందుకో చెప్తాను. చంద్రగిరికోట ఎందుకు ఎక్కించాడు? లిబ్‌వర్ట్ అడిగింది కాబట్టి. లిబ్‌వర్ట్‌కి కావాల్సింది డీమన్ కాదు, సలహా. నుమాడ్‌కి హైఫన్ డబ్ల్యూ ఇచ్చి, పక్కన ఎన్ని సీపీయూలు కావాలో, కోలన్ పెట్టి ఎన్ని ఎంబీలు కావాలో చెప్తే, ఏ నోడ్లో పెడితే మంచిదో ఒక్క లైనులో చెప్పి వెళ్లిపోతుంది. డీమన్ నడుస్తున్నా, నడవకపోయినా ఈ సలహా దొరుకుతుంది. మ్యాన్ పేజీలోనే రాసి ఉంది.

అంటే ఒకే బైనరీ రెండు వేషాలు వేస్తోంది. ఒకటి అడిగితే చెప్పే పెద్దమనిషి. ఇంకొకటి అడక్కుండా ఇల్లు సర్దే మేస్త్రీ. వీఎం హోస్టులో చాలామందికి మొదటివాడే చాలు. వాణ్ని పిలిస్తే రెండోవాడు కూడా చీపురు పట్టుకుని లోపలికి రావడం నాకు నచ్చదు.

పైగా ఈ మేస్త్రీ వచ్చీ రాగానే ఇంకో పని చేస్తాడు. మెమరీని పెద్ద పేజీలుగా కలపడం కోసం వెతికే కెర్నల్ దారం (థ్రెడ్) రెండు వెతుకులాటల మధ్య మామూలుగా 10000 మిల్లీసెకన్లు ఆగుతుంది. నుమాడ్ దాన్ని 1000కి దించేస్తుంది. హైఫన్ హెచ్ సున్నా అని ఇస్తేనే ముట్టుకోకుండా ఉంటుంది. ఎవరికో లైబ్రరీ లాగా ఎక్కిన ప్యాకేజీ సిస్టమ్ మొత్తానికీ వర్తించే సెట్టింగు మార్చేయడం మర్యాదేనా?

పలమనేరు_ఘాట్ | ఆదివారం ఉదయం 10:15

నా అనుభవం చెప్పనా? ఎక్కడో, ఎవరిదో అడక్కండి. పాత ఉద్యోగం.

రెండు నోడ్ల మెషిన్లో మైఎస్‌క్యూఎల్ నడుస్తోంది. బఫర్ పూల్ (డేటాబేసు ర్యామ్‌లో ఉంచుకునే డేటా) మొత్తం ఒకే నోడ్లో పడితే ఆ నోడ్ నిండిపోయి, పక్కనోడ్లో ఖాళీ ఉన్నా స్వాప్‌కి, అంటే డిస్కు మీదికి పోతుందని భయం. అందుకని మైఎస్‌క్యూఎల్ స్టోరేజి ఇంజన్ ఇన్నోడీబీలో నూమా ఇంటర్‌లీవ్ ఆన్ చేసి, పూల్‌ని రెండు నోడ్లకీ సమంగా పరిచాం. బాగానే ఉంది. ఒక శుక్రవారం ఎవరో వర్చువలైజేషన్ టూల్సు ఏవో ఎక్కించారు, వాటి వెంట నుమాడ్ కూడా వచ్చింది, లేచింది కూడా. ఎవరికీ తెలీదు.

నుమాడ్ దృష్టిలో రెండు నోడ్లలో పరిచి ఉన్న మెమరీ అంటే చిందరవందరగా ఉన్న ఇల్లు. మామూలుగా దాన్ని ఒకచోట కుప్ప చేయడమే దాని ధర్మం. హైఫన్ కె ఒకటి అని ఇస్తేనే పరిచింది పరిచినట్టు వదులుతుంది. మేం ఇవ్వలేదు, అసలు అది ఉందని తెలిస్తే కదా! ఏ నోడ్లో ఎంత మెమరీ ఉందో చూపే నూమాస్టాట్‌లో రోజూ మైఎస్‌క్యూఎల్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) వరస రెండు కాలమ్‌లలోనూ దాదాపు ఒకే అంకె ఉండేది. సాయంత్రం చూస్తే ఎడమది పెరుగుతోంది, కుడిది కరుగుతోంది. మళ్లీ కొడితే ఇంకొంచెం. కళ్ల ముందే ఇసుక గడియారం తిరగేసినట్టు. అటు రిపోర్టులు ఆలస్యమవుతున్నాయని ఫోన్ల మీద ఫోన్లు.

అది నుమాడ్ తప్పు కాదు. చెప్పిన పని చేసింది. ఎప్పుడు ఎక్కడ తాకుతుందో చెప్పలేని పెద్ద డేటాబేసులకి ఇది పెద్దగా పనికిరాదని దాని డాక్యుమెంట్లలోనే ఉంటుంది. ఆ రోజు పిలవని పేరంటానికి తీసుకొచ్చింది ప్యాకేజీ. నా ఓటు అక్కకే.

కపిలతీర్థం | ఆదివారం ఉదయం 10:40

పీఐడీ ఇచ్చి ఒక్క డేటాబేసునే మినహాయించొచ్చు కదా, హైఫన్ ఎక్స్ ఉంది.

పలమనేరు_ఘాట్ | ఆదివారం ఉదయం 10:43

ఉందని తెలిసినవాడికి ఉంది అన్నా. తెలియనివాడి గురించే నా గొడవ. పైగా డేటాబేసు రీస్టార్ట్ అయితే పీఐడీ మారిపోతుంది.

కపిలతీర్థం | ఆదివారం ఉదయం 11:05

సరే, డబ్ల్యూ సంగతి నాకు తట్టలేదు. సలహా కోసమే ఎక్కించేవాళ్లు ఉన్నప్పుడు లేపకపోవడమే న్యాయం. కానీ పడుకుని ఉందని చెప్పాలి. రీడ్‌మీలో ఒక్క పేరా రాయండి, ప్యాకేజీ వివరణలో కూడా.

మూడో_ఇయర్ | ఆదివారం మధ్యాహ్నం 12:20

సార్, మేడమ్, నమస్తే. ఆ యూనిట్ ఫైలు రాసింది నేనే. 20150602 కూడా నేనే, సారీ 🙏

నేను పెట్టినవి ఇవి: ప్రొటెక్ట్ కెర్నల్ ట్యూనబుల్స్ యస్, ప్రైవేట్ ఐపీసీ యస్, ప్రొటెక్ట్ సిస్టమ్ స్ట్రిక్ట్ (లాగు, పీఐడీ ఫైళ్ల చోట్లకి మాత్రం రాత అనుమతి), కేపబిలిటీలు, అంటే రూటుకుండే విడి విడి అధికారాలు, మొత్తం ఖాళీ. సిస్టమ్‌డీ ఎనలైజ్ సెక్యూరిటీలో మంచి మార్కులు వచ్చాయి సార్. డీమన్ లేస్తోంది. కానీ ఫలానా పీఐడీని చూడు అని హైఫన్ పీతో చెప్తే ఏమీ జరగడం లేదు. నాకు ఎర్రర్ కూడా కనపడలేదు.

లీలామహల్_సర్కిల్ | ఆదివారం మధ్యాహ్నం 1:50

నాన్నా, మార్కులు బాగానే వచ్చాయి, పిల్లాడే బడికి పోవడం లేదు!

ఒక్కోటి చూద్దాం. నువ్వు రెండోసారి నుమాడ్ అని కొట్టినప్పుడు అది కొత్త డీమన్ కాదు, నడుస్తున్న డీమన్‌కి కబురు మోసే మనిషి. ఆ కబురు సిస్టమ్ ఫైవ్ మెసేజ్ క్యూ ద్వారా వెళ్తుంది. ప్రైవేట్ ఐపీసీ, అంటే సిస్టమ్‌డీ 248లో వచ్చిన సెట్టింగు, డీమన్‌కి వేరే ఐపీసీ లోకం (ప్రాసెసులు కబుర్లు చెప్పుకునే చోటు) కట్టి అందులో కూర్చోబెడుతుంది. నువ్వు బయటి లోకపు క్యూలో కబురు వేస్తున్నావు. అది లోపలి క్యూ దగ్గర కాచుకుని ఉంది. డీమన్ నడుస్తుండగా బయట ఐపీసీఎస్ హైఫన్ క్యూ కొట్టి చూసి ఇక్కడ చెప్పు, ఏం కనపడుతుందో.

మూడో_ఇయర్ | ఆదివారం మధ్యాహ్నం 2:15

మేడమ్!! ఒక క్యూ ఉంది, మెసేజ్‌ల కాలమ్‌లో సున్నా కాదు. నేను పంపింది అందులోనే పడి ఉంది.

పాతఆప్టెరాన్ | ఆదివారం మధ్యాహ్నం 2:18

వైకుంఠం క్యూ కాంప్లెక్సులో తలుపు తీయని కంపార్ట్‌మెంటు.

లీలామహల్_సర్కిల్ | ఆదివారం మధ్యాహ్నం 2:40

😀 సరిగ్గా అదే. ప్రైవేట్ ఐపీసీ తీసెయ్యి.

ప్రొటెక్ట్ కెర్నల్ ట్యూనబుల్స్ పెడితే డీమన్‌కి సిస్ డైరెక్టరీ చదవడానికే గానీ రాయడానికి ఉండదు. పొద్దున చెప్పిన ఆ 10000ని 1000 చేసే రాత అక్కడే జరగాలి, జరగదు. రెండు దారులున్నాయి: ఆ లైను తీసెయ్యడం, లేదా లైను ఉంచి హైఫన్ హెచ్ సున్నా ఇవ్వడం. నేనైతే రెండోదే చేస్తాను. ల్యాబులో పెద్ద పేజీల తొందర మీకేముంది?

కేపబిలిటీలు ఖాళీ చేస్తే మేస్త్రీ చేతులు కట్టేసినట్టే. వేరేవాళ్ల ప్రాసెసుని కోర్ల మీద కదపాలన్నా, వాటి పేజీలు ఇంకో నోడ్‌కి మార్చాలన్నా సిస్ నైస్ కావాలి. వేరే యూజర్ల ప్రాసెసులది నూమా మ్యాప్స్ ఫైలు చదవాలంటే సిస్ పీట్రేస్ కావాలి. రూటుగా నడుస్తోంది కదా అనుకోకు. కేపబిలిటీ పీకేశాక రూటు పేరుకే రూటు. ఆ రెండూ ఉంచు. ప్రొటెక్ట్ సిస్టమ్ స్ట్రిక్ట్ ఉంచుకోవచ్చు గానీ, లాగు వార్ లాగ్‌లో, పీఐడీ ఫైలు రన్‌లో రాయాలి కాబట్టి ఆ చోట్లకి నువ్వు ఇచ్చిన రాత అనుమతి తీయకు.

పీఐడీ ఫైలు దారి వార్ రన్ అని రాస్తే సిస్టమ్‌డీ అది పాత చోటు అని సణుగుతుంది, రన్ అనే రాయి. యూనిట్లో టైప్ ఫోర్కింగ్ అని పెట్టు. ఆపడానికి హైఫన్ ఐ సున్నా ఇవ్వొచ్చు, అది నుమాడ్ సొంత పద్ధతి.

ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే డెబియన్ రూల్సు ఫైల్లో డీహెచ్ ఇన్‌స్టాల్ సిస్టమ్‌డీని ఓవర్‌రైడ్ చేసి, నో ఎనేబుల్, నో స్టార్ట్ రెండూ ఇవ్వు. నో స్టార్ట్ ఒక్కటే ఇస్తే సగమే పడుకుంటుంది: ఇప్పుడు లేవకపోయినా రీబూట్‌లో లేస్తుంది. ఎవరైనా తామే లేపుకుని నడుపుకుంటుంటే అప్‌గ్రేడ్‌లో దాన్ని రీస్టార్ట్ చేస్తుంది, ఆగిపోతుందన్న భయం లేదు.

చంద్రగిరికోట | ఆదివారం సాయంత్రం 4:30

అక్కా, ఇది ప్రింటు తీసి ల్యాబు గోడకి అంటిస్తాను. ఇంకో ఆలోచన. ఎవరైనా తెలియక ఎనేబుల్ చేసినా, ఒకే నోడ్ ఉన్న మెషిన్లో లేవకుండా యూనిట్లో కండిషన్ పాత్ ఎగ్జిస్ట్స్ పెట్టి, సిస్ డివైసెస్ సిస్టమ్ నోడ్ కింద నోడ్1 ఉంటేనే నడవమందాం. ల్యాబు పీసీలన్నిటికీ ఒకే ఇమేజ్ వేస్తాం, అందుకని.

కపిలతీర్థం | ఆదివారం సాయంత్రం 4:52

ఆలోచన మంచిదే, నోడ్1 అన్న ఆ ఒక్క ముక్క తప్ప. నోడ్ నంబర్లు వరసగా ఉంటాయని ఎవరు చెప్పారు? ఐబీఎం పవర్9 మెషిన్లో రెండు సాకెట్లకి నోడ్ 0, నోడ్ 8 అని వస్తాయి. మధ్యలో 1 నుంచి 7 దాకా లేవు. మీ కండిషన్ ప్రకారం అక్కడ నుమాడ్ జన్మలో లేవదు. నేను అలాంటి మెషిన్ మీద ఏడాది పనిచేశాను, ఇలాంటి స్క్రిప్టులు ఎన్ని విరిగాయో లెక్కలేదు.

పాత్ ఎగ్జిస్ట్స్ బదులు పాత్ ఎగ్జిస్ట్స్ గ్లాబ్ వాడండి. నోడ్ తర్వాత 1 నుంచి 9 లోపు ఏ అంకె మొదలైనా సరే అని రాస్తే 8 కూడా దొరుకుతుంది, 16 కూడా దొరుకుతుంది.

చంద్రగిరికోట | ఆదివారం సాయంత్రం 5:01

మా దగ్గర పవర్ మెషిన్ ఎప్పటికీ రాదన్నా, బడ్జెట్ అడిగితే కుర్చీలకే లేదంటారు. అయినా గ్లాబే పెడతాం. తప్పు అని తెలిసీ పిల్లలకి నేర్పడం బాగోదు.

పాతఆప్టెరాన్ | ఆదివారం సాయంత్రం 5:20

ఒకటి మర్చిపోయారు అందరూ. కెర్నల్లోనే ఆటోమేటిక్ నూమా బ్యాలెన్సింగ్ అని ఒకటి ఉంది. 3.8లో పునాది పడింది, 3.13కి గట్టిపడింది. ప్రాక్ సిస్ కెర్నల్ కింద నూమా బ్యాలెన్సింగ్ ఫైల్లో 1 ఉంటే అది నడుస్తున్నట్టు. ఇప్పటి కెర్నల్స్‌లో చాలామందికి అదే సరిపోతుంది. నుమాడ్ డీమన్ కూడా లేపితే ఒకే ఇంటికి ఇద్దరు మేస్త్రీలు. నుమాడ్ కోర్లకి కట్టేస్తుంది కాబట్టి దాని మాటే నెగ్గుతుంది, కానీ రెండోవాడి కూలీ దండగ. రీడ్‌మీలో ఇది కూడా రాయించు.

మూడో_ఇయర్ | ఆదివారం రాత్రి 9:15

సార్, ప్యాకేజీలో తప్పులు పట్టే లింటియన్ ఒకటి చెప్తోంది, కంపైలర్ చేర్చే భద్రత ఫోర్టిఫై లేదని. ఇంకా లింకర్‌లో మ్యాథ్ లైబ్రరీ ఫంక్షన్ దొరకలేదని ఆగిపోయింది, మధ్యాహ్నం దాకా బాగానే కట్టింది!

లీలామహల్_సర్కిల్ | ఆదివారం రాత్రి 9:38

మధ్యాహ్నం తర్వాత రూల్సులో ఏం మార్చావు? ఎల్‌డీఫ్లాగ్స్‌లో యాజ్ నీడెడ్‌తో పాటు మ్యాథ్ లైబ్రరీ కోసం హైఫన్ ఎల్ఎం పెట్టి ఉంటావు. అది కమాండులో ఆబ్జెక్ట్ ఫైలు కంటే ముందు పడుతుంది. యాజ్ నీడెడ్ ఉంటే, ఇంకా ఎవరూ అడగలేదు కాబట్టి లింకర్ దాన్ని పక్కన పడేస్తుంది, తర్వాత అడిగితే లేదంటుంది. లైబ్రరీలు ఎల్‌డీలిబ్స్‌లో, చివర్లో. ఫోర్టిఫై రావాలంటే సీపీపీఫ్లాగ్స్ కూడా కంపైలర్ దాకా చేరాలి, మేక్‌ఫైలు దాన్ని వాడుతోందో లేదో చూడు.

అన్నట్టు, కాపీరైట్ ఫైల్లో లైసెన్సు ఏం రాశారు?

మూడో_ఇయర్ | ఆదివారం రాత్రి 9:40

జీపీఎల్ 2 మేడమ్.

లీలామహల్_సర్కిల్ | ఆదివారం రాత్రి 9:41

సోర్సు ఫైలు మొదటి ఇరవై లైన్లు చదివి మళ్లీ చెప్పు.

మూడో_ఇయర్ | ఆదివారం రాత్రి 9:44

లెసర్ జీపీఎల్, 2.1 మేడమ్ 🙈

చంద్రగిరికోట | మంగళవారం సాయంత్రం 6:10

అందరికీ దండాలు. 0.5+20150602-1 తయారైంది. లింటియన్ నోరు మూసుకుంది. లాగ్‌రొటేట్‌కి కాపీట్రంకేట్ (లాగుని నకలు తీసి, అసలుదాన్ని ఖాళీ చేసే పద్ధతి) పెట్టాం, డీమన్‌ని కదిలించే పని లేదు. పర్జ్ చేస్తే, అంటే ఆనవాలు లేకుండా తీసేస్తే, వార్ లాగ్‌లోని దాని ఫైలు కూడా పోయేట్టు పోస్ట్‌ఆర్‌ఎం స్క్రిప్టులో రాశాడు మా మూడో_ఇయర్, ఎవరూ చెప్పకుండానే.

నుమాడ్ ఉండగా లిబ్‌వర్ట్ మళ్లీ కట్టాం. నిన్న రాత్రి ల్యాబు మూసే ముందు పిల్లలు ఆరుగురు స్క్రీన్ చుట్టూ చేరారు. నోడ్ 0 మీద ఇంకో వీఎం అప్పటికే నిండా తింటోంది. 8 సీపీయూలు, 16384 ఎంబీ అని హైఫన్ డబ్ల్యూతో అడిగితే "1" అంది. ఆ ఒక్క అంకె చూసి చప్పట్లు కొట్టారు, వాచ్‌మన్ ఏమైందోనని లోపలికొచ్చాడు. తర్వాత ప్లేస్‌మెంట్ ఆటోతో వీఎం లేపి నూమాస్టాట్ చూస్తే మెమరీ దాదాపు అంతా నోడ్ 1 కాలమ్‌లోనే ఉంది. డీమన్ మాత్రం పడుకునే ఉంది.

తోతాపురీ, నీకో పని. నీ ఒంటి నోడ్ మెషిన్లో ఈ ప్యాకేజీ ఎక్కించి, కావాలనే స్టార్ట్ కొట్టి చూడు. మా దగ్గర అన్ని పీసీలూ ఒకే రకం, వేరే చోట పరీక్షించాలి.

తోతాపురి | మంగళవారం రాత్రి 8:25

ఫ్యాక్టరీలో కొత్త ఎస్ఎస్‌డీ పడింది సార్, పాతఆప్టెరాన్ సార్‌కి థాంక్స్. సర్వర్ గాలిలో పోతాంది ఇప్పుడు.

మీ ప్యాకేజీ ఎక్కించినా. స్టార్ట్ కొట్టినా. ఎర్రర్ ఏమీ రాలా. స్టేటస్ చూస్తే ఇనాక్టివ్ అనేసి, కింద కండిషన్ కుదరలేదని ఒక లైను ఉండాది. ఇంకేమీ చేయలా అది.

చంద్రగిరికోట | మంగళవారం రాత్రి 8:27

ఏమీ చేయలేదా?

తోతాపురి | మంగళవారం రాత్రి 8:28

ఏమీ చేయలేదన్నా.

చంద్రగిరికోట | మంగళవారం రాత్రి 8:28

హమ్మయ్య.